టెంటు కావాలంటే నిచ్చెన కావాలి

ఎదురింటి టీచరమ్మ స్వయంగా చూసిందట. చిన్న చెల్లెలి గుమ్మం ముందు నిలబడింది బండి కాదట, మదపుటేనుగట. పక్కన తొండంలాంటి గొట్టం, ముందు ఇనప తాడు చుట్టిన గిలక, నడుమెత్తు టైర్లు, వీటన్నిటికీ మించి నెత్తిమీద డేరా! "పొద్దుటి నడకలో చూశాను, మీ చెల్లెలి ఇంటి ముందు నిన్నా ఉంది, ఇవాళా ఉంది. చుట్టాలదైతే ఇన్నాళ్లు ఉంటుందా చెప్పండి?" అని ప్రహరీ మీంచి అడిగి, తన బాధ్యత తీరిపోయినట్టు మొక్కలకు నీళ్లు పోసుకోవడానికి వెళ్లిపోయిందట.

ఈ కబురుకు కాస్త ఉప్పూకారం తగిలించి, గడ్డం గీసుకుంటున్న మొగుడి చెవిన వేసింది అంచనా బావ భార్య. గడ్డం తెగింది.

"కొత్తదేనటా?" అన్నాడు, నురగలోంచి ఎర్రగా చూస్తూ.

"మెరుస్తోందట. మా మరిది ఎంతైనా గట్టివాడే. ఒక్క మాట బయటికి పొక్కనిచ్చాడా!"

కాంట్రాక్టరు ఆఫీసులో అంచనాలు వేయడం బావ ఉద్యోగం. గోడను చూస్తే ఇటుకలెన్నో, కప్పును చూస్తే ఇనుమెంతో చెప్పేస్తాడు. పరామర్శకు వెళ్లినా వాళ్ల మెట్లకు ఎంతయ్యుంటుందో లెక్కకట్టి గాని లేవడు. అత్తవారి వైపు పిల్లలు అతనికి అంచనా బావ అని పేరు పెడితే, అత్తగారికి కూడా అదే నోటికొచ్చింది. ఊరందరి ఇళ్లకూ అంచనా వేసినవాడు తన వంటింటి కిటికీకి మాత్రం పెళ్లయిన నాటినుంచీ వేస్తూనే ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో లైటు వెయ్యందే చెంచా కనపడదు. "ఈసారి పెట్టిద్దాం, ఈసారి పెట్టిద్దాం" అంటూ లాక్కొచ్చి లాక్కొచ్చి, చివరికి ఆ రోజు సెలవు పెట్టాడు. తాపీమేస్త్రి వస్తానన్నాడు. ఆవిడ పొద్దున్నే లేచి, ఎక్కడ కిటికీ రావాలో అక్కడ గోడమీద సుద్దముక్కతో గీసింది. ఊచలు కూడా గీసింది.

కాని బావ కంటికి సుద్ద కిటికీ ఆనితేగా! తోడల్లుడేం చేస్తాడు? కార్లకు సీటు కవర్లు కుడతాడు. మిషను తొక్కుకునే మనిషి ఏనుగు మీద ఊరేగడమా? అసూయ ఎవరికైనా వస్తుంది, రెండు రోజులుండి పోతుంది. అంచనా బావకు మాత్రం లెక్క తేలేదాకా అది అరగదు. ఎంతకు కొన్నాడో తెలిస్తే, కనీసం ఎంత కుళ్లుకోవాలో తెలుస్తుంది.

"కిటికీ ఫ్రేము చూసొస్తా. మేస్త్రి వస్తే కూర్చోబెట్టు" అని చొక్కా తొడుక్కుని, తిన్నగా బండ్ల షోరూముకు వెళ్లాడు.

అక్కడ సేల్స్ అమ్మాయి చల్లటి నీళ్లిచ్చి, నవ్వి, "ఎలాంటి దారుల్లో తిరుగుతారు సార్?" అంది.

ఇంటికీ ఆఫీసుకీ మధ్య తారు రోడ్డు తప్ప మరో దారి ఎరగడు బావ. "కొండలు, గుట్టలు" అన్నాడు గంభీరంగా. "ముందు ఆ నెత్తిమీద టెంటు ఒక్కదానికీ ఎంతో చెప్పమ్మా."

"టెంటు ఒక్కటే రాదు సార్. కింద క్యారియరుండాలి. అది కొండ ప్యాకేజీ."

"సరే, క్యారియరు వెయ్యి."

"టెంటు ఎక్కడానికి నిచ్చెన ఉండాలి కదా సార్. అది అడవి ప్యాకేజీ."

"నిచ్చెన లేకుండా ఎక్కుతాలే."

"నిచ్చెన వెయ్యందే కంప్యూటరు టెంటును ఒప్పుకోదు సార్. నిచ్చెన వెనక తలుపుకు వస్తుంది గనక స్టెప్నీ పక్కకు జరగాలి. ఇంత బరువు పైనుంటే గట్టి స్ప్రింగులు కావాలి. స్ప్రింగులేస్తే బండి లేస్తుంది, అప్పుడు పెద్ద టైర్లు. టైర్లు పెద్దవైతే మీ కాలు అందదు, పక్కన మెట్టు."

మరొకడైతే ఆ పాటికి లేచి దణ్ణం పెట్టేవాడు. బావ ముఖం వెలిగిపోయింది. ఇంటివాళ్లకు తను చెప్పేదీ ఇదేగా! పై అంతస్తు కావాలంటే కింద పునాది, పునాది కావాలంటే పాత గోడ కూల్చడం. కుర్చీ ముందుకు జరుపుకుని, "ఆ తొండం?" అన్నాడు.

"గాలిగొట్టం సార్. ఏట్లో దిగినా ఇంజన్లోకి నీళ్లు రావు. నది ప్యాకేజీ. మొత్తం ఎంతో తెర మీద రావాలంటే ఒక్క ఫోన్ నంబరు కొట్టాలి."

బావకు ఒక అలవాటుంది. ఏ కొట్లో నంబరడిగినా భార్య నంబరు చెప్తాడు. వాళ్ల బాకా కబుర్లన్నీ ఆవిడ ఫోన్‌కు పోతాయి, తను నిశ్చింతగా ఉంటాడు. ఇప్పుడూ నోరు తిరిగిన నంబరే చెప్పాడు. తెర మీద మొత్తం కనబడింది. ఆ డబ్బుతో వీధి వీధంతటికీ వంటింటి కిటికీలు పెట్టించి, తెరలు కూడా కుట్టించవచ్చు.

"అమ్మ సీటు కవరూ!" అనుకున్నాడు. కడుపులో మంటకు చివరికి ఒక అంకె దొరికింది గాని, మంట తగ్గలేదు, రాజుకుంది.

సరిగ్గా అదే క్షణాన వంటింట్లో సుద్ద కిటికీ ముందు నిలబడి మేస్త్రికి కొలతలు చెబుతున్న ఆవిడ ఫోన్ మోగింది. తెరిస్తే, తొండంతో, డేరాతో, నిగనిగలాడే ఏనుగు బొమ్మ. 'శుభాకాంక్షలు! మీరు కోరుకున్న బండి మీ కోసం ఎదురుచూస్తోంది.' ఆవిడకు ముందు ఒళ్లు మండింది. ఫ్రేము చూసొస్తానని ఈయన చూస్తున్న ఫ్రేము ఇదా! ఆ తర్వాత చెల్లెలి గుమ్మం గుర్తొచ్చింది. ఒళ్లు చల్లబడింది.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. "మీ బావ కూడా బండి కొంటున్నారే! అన్నీ ఉన్నదే. డేరా కూడా!"

"కూడా ఏమిటక్కా? ఇంకెవరు కొన్నారు?"

"చాల్లే, నా దగ్గర దాచకు."

"నేనేం దాచాను?" అంది చెల్లెలు. కాని అప్పటికే ఆమె మనసు మాటలో లేదు, డేరాలో ఉంది. ఫోన్ పెట్టేసి మొగుడి మీద పడింది. "మా బావ చూడు, చప్పుడు లేకుండా ఏం చేశాడో! నువ్వున్నావు ఎందుకు, జన్మంతా ఒకళ్ల సీటుకు కవరు కుట్టడానికి!"

ఇక్కడ అక్కగారు మేస్త్రి వైపు తిరిగింది. "కిటికీ తర్వాత చూద్దాం. ముందు గేటు వెడల్పు చెయ్యాలి. ఇదిగో, ఇంత బండి వస్తోంది."

మేస్త్రి ఫోన్‌లో బొమ్మ చూశాడు, బయటికొచ్చి గేటు చూశాడు. "తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టుందమ్మా. ఈ స్తంభం తియ్యాలి. స్తంభం తీస్తే దాన్ని ఆనుకున్న ప్రహరీ నిలబడదు. అయ్యగారు అంచనా వేసే ఉంటారుగా?"

"ఆయన వెయ్యకుండా ఉంటారా!" అంది గర్వంగా. మొదటి సుత్తి దెబ్బకే ఎదురింటి టీచరమ్మ మేడమీదికొచ్చి నిలబడింది.

షోరూములో బావ తెర మీది అంకెలన్నీ రెండుసార్లు కూడి సరిచూసుకుని, తెలియాల్సింది తెలిసిపోయింది గనక, అప్పటికి లేచి వెళ్లిపోబోతున్నాడు. వెళ్లిపోయుంటే ఈ కథ లేదు. అద్దాల తలుపు ముందు ఏనుగు వచ్చి ఆగింది. పెళ్లాం తరిమితే వచ్చిన తోడల్లుడు దాంట్లోంచి దిగలేక దిగలేక దిగాడు.

"ఏం అన్నయ్యా, బండి కొంటున్నావటగా?" అన్నాడు నవ్వుతూ. పళ్లు మాత్రమే నవ్వాయి.

"నీ అంతవాణ్ణా తమ్ముడూ! బాగుంది బండి" అన్నాడు బావ. చూపు డేరా మీంచి దిగలేదు.

ఇది నాది కాదని చెప్పడానికి తోడల్లుడికి ఒక్క మాట చాలు. కాని ఇప్పుడిప్పుడే పెళ్లాం చేత తిన్న చీవాట్లున్నాయి. అదీగాక, అన్నయ్య కళ్లలో అలాంటి చూపు అతను తోడల్లుడయ్యాక ఏనాడూ చూడలేదు. బానెట్ మీద చెయ్యి వేసి, "ఏదో, ఉంది" అన్నాడు. ఆ పైన సేల్స్ అమ్మాయితో, "మా అన్నయ్య ఏమేం పెట్టించాడో అవన్నీ నాకూ కట్టు తల్లీ. ఒకటి ఎక్కువే వెయ్యి" అన్నాడు.

బావకు చెవుల్లోంచి పొగ వచ్చింది. ఉన్నది చాలక రెండోదా!

అమ్మాయి పాపం నిజమే చెప్పింది. "అన్ని ప్యాకేజీలతో తయారుగా ఉన్నది ఒక్కటే సార్. అడ్వాన్సు ఎవరు ముందు కడితే వాళ్లది. కట్టాక తిరిగి రాదు, ముందే చెబుతున్నాను."

అంచనా బావ తన జీవితంలో అంచనా వేయకుండా చేసిన పని అదొక్కటే. కిటికీ కోసం దాచిన డబ్బు ఉన్న కార్డు తీసి గీకేశాడు. గీకి, తోడల్లుడి ముఖం చూశాడు. పెళ్లినాటి నుంచీ రాని సుఖం వచ్చింది.

అది ఎక్కువసేపు నిలవలేదు. తలుపు తోసుకుంటూ, మోకాళ్ల దాకా బురదతో ఒక పెద్దమనిషి వచ్చాడు. పశువుల డాక్టరు.

"ఏమయ్యా సీటు కవరూ! సీట్లు కుట్టమని బండి ఇస్తే ఊరేగుతున్నావా? బండి ఎక్కడుందో ఫోన్‌లో చూపించింది కాబట్టి సరిపోయింది. అక్కడ ఆవు ఈనలేక అల్లాడుతోంది, నేను టాక్సీల్లో తిరుగుతున్నాను!"

"డేరాతో షాపు షట్టరు కింద పట్టలేదండీ, అందుకని ఇంటి దగ్గర పెట్టుకుని..." అని గొణిగి తోడల్లుడు తాళాలు ఇచ్చేశాడు.

బావ ఆగలేక, "డాక్టరుగారూ, డేరా బాగుంటుందా అండీ?" అన్నాడు.

"మా ఆవిడ ఒకసారి ఎక్కింది. దింపడానికి ఆవుల్ని దింపే తాళ్లు తేవాల్సొచ్చింది" అని డాక్టరు ఏనుగెక్కి వెళ్లిపోయాడు.

తోడల్లుళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "అయితే నీది కాదన్నమాట" అన్నాడు అన్న. "నువ్వు నా మీద పోటీకి కొన్నావన్నమాట" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ కలిసి సేల్స్ అమ్మాయి కాళ్లావేళ్లా పడ్డారు. అడ్వాన్సు తిరిగి రాదంది. లోపలికి వెళ్లి మేనేజరును అడిగొచ్చి, ఆ డబ్బుకు సరిపడా సామాను ఏదైనా ఒకటి తీసుకుపోవచ్చంది. సరిపడా ఉన్న సామాను ఒక్కటే.

"నిచ్చెన వెయ్యందే టెంటు రాదన్నావుగా?" అన్నాడు బావ నీరసంగా.

"అది బండితో కొంటే సార్. విడిగా కొంటే వస్తుంది."

టాక్సీ నెత్తిన డేరా కట్టుకుని బావ ఇల్లు చేరాడు. పక్కన తోడల్లుడు. "ఎంతైనా నీకు డేరా దక్కింది అన్నయ్యా, నాకేం దక్కింది?" అని దారిపొడుగునా కుళ్లుకుంటూనే ఉన్నాడు. వీధి మొగలో తన ఇల్లు ఆనవాలు పట్టలేకపోయాడు బావ. గేటు లేదు. స్తంభం లేదు. ప్రహరీ ఉండాల్సిన చోట ఇటుకల కుప్ప, కుప్ప మీద మేస్త్రి. ఇటుకలెన్నో ఆ ఒక్కసారి మాత్రం అతను లెక్కపెట్టలేదు.

"ఇదేనా బండి? చిన్నదే" అంది మేడమీంచి టీచరమ్మ.

భార్య ఎదురొచ్చింది. టాక్సీని చూసింది. దాని వెనకా ఏమీ లేదని చూసింది. జరిగిందంతా మరిది నోటినుంచే విన్నది. అంతా విని వంటింట్లోకి వెళ్లి లైటు వేసి, సుద్ద కిటికీ ముందు కాసేపు నిలబడింది. ఊచలు చెక్కు చెదరలేదు. మళ్లీ బయటికొచ్చింది.

టాక్సీ మీంచి డేరా దింపడానికి ముగ్గురు మగాళ్లూ ఆపసోపాలు పడుతున్నారు. బావ చెమట తుడుచుకుంటూ, వీలైనంత మెత్తగా అడిగాడు.

"ఇదిగో, దీన్ని ఎక్కడ పెట్టమంటావు?"

"గేటు ఉండాల్సిన చోట వేసి, ఈ రాత్రినుంచి అందులో కాపలా పడుకోండి."