కప్పతాళంలో ఒక కచేరీ

మనిషి సుఖపడటానికి కావాల్సినవన్నీ పెద్దలు ఎప్పుడో సమకూర్చారు. సుఖపడటం మాత్రం మనిషికి ఇంకా చేతకాలేదన్న సంగతి వాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ లోటు పూడ్చడానికి పుట్టిందే శాస్త్రీయ సంగీత రసాస్వాదన శాఖ. శాస్త్రీయ సంగీతం వింటే రక్తపోటు దిగుతుందనీ, తిన్నది అరుగుతుందనీ, పిల్లలకు లెక్కలు వస్తాయనీ, పెద్దలకు కోపం పోతుందనీ, గడ్డి ఏపుగా ఎదుగుతుందనీ ప్రొద్దుటూరులోని ప్రధాన కార్యాలయం గోడల నిండా రాయించారు. (కోపం పోతుందన్న మాటను ఫిర్యాదుల కిటికీ పైన కొంచెం పెద్ద అక్షరాలతో రాయించారు.) ఇన్ని లాభాలున్నదాన్ని ఇష్టమైతే వినడం, లేకపోతే లేచిపోవడం మర్యాద కాదు కనుక, ఆనందించడాన్ని కూడా నియమాల కిందికి తెచ్చారు.

ఈ శాఖకు పులివెందులలో పరీక్షా కేంద్రం, జమ్మలమడుగులో సంగీతవనం ఉన్నాయి. సంగీతవనమంటే ఒక పెద్ద హాలు, దాని పక్కన రేకుల షెడ్డు, ముందు అరెకరం పచ్చిక. ఆ పచ్చికకు పొద్దునా సాయంత్రం మైకులో కల్యాణి రాగం వినిపిస్తారు. నీళ్లు కూడా పెడతారు గానీ నివేదికల్లో ఆ సంగతి రాయరు.

చిన్నసుబ్బయ్య గొర్రెలకు ఈ వివరాలేవీ తెలియవు. ఊరిచుట్టూ మేత ఎండిపోయిన రోజుల్లో అవి కంచె సందులోంచి దూరి, ఆర్నెల్లుగా కల్యాణి విన్న గడ్డిని ఒక్క పూటలో నున్నగా మేసేశాయి. వాటి ఆస్వాదనలో ఏ లోపమూ లేదు. అనుమతి ఒక్కటే లేదు. పైవాళ్ల ఆజ్ఞ ప్రకారం వనం కాపలాదారు అలీ అహ్మద్ మందనంతా రేకుల షెడ్డులోకి తోలి, గేటుకు అరచేయంత ఇనుప కప్పతాళం వేశాడు. వేస్తున్నంతసేపూ చిన్నసుబ్బయ్య మొహం వైపు చూడలేకపోయాడు.

"నామీద కోపం పెట్టుకోవాకు మామా," అన్నాడు చివరికి. "తాళమెయ్యమన్నారు, వేస్తాండా."

అసలు చిక్కు మేత గురించి కాదు. మేత సంగతి చిన్నసుబ్బయ్య భార్య గంగులమ్మ చూసుకుంది. రోజూ వేపమండలు, కందికట్టె మోపులుగా తెచ్చి గోడ మీదుగా లోపలికి విసిరేది. చిక్కంతా మందలో సగం సూడి గొర్రెలు కావడంతో వచ్చింది. శాఖ ఆవరణలో పుట్టిన ఏ జీవమైనా సంగీత వాతావరణంలో పుట్టినట్టే కనుక అది శాఖకే చెందుతుందని నియమం. (ఆ నియమం రాసినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది పిచ్చుకలు.) ఇంకో పదిహేను ఇరవై రోజుల్లో ఈనడం మొదలవుతుంది. ఈలోగా తాళం తీయకపోతే ఈ యేటి పిల్లలన్నీ ప్రభుత్వోద్యోగులవుతాయి.

"ఒక్క పిల్ల ఆడ పుట్టిందా, నువ్వు ఇంటికి రావాకు," అంది గంగులమ్మ. "ఆ పాటలోళ్ల కాడనే ఉండు."

కాబట్టి చిన్నసుబ్బయ్య తెల్ల పంచె కట్టుకుని ప్రొద్దుటూరు వెళ్లాడు. 'మా గొర్రెలకు వేసిన తాళం తీయించగలరని ప్రార్థన' అని అర్జీ రాయించుకుని ఫిర్యాదుల కిటికీలో పెట్టాడు. లోపల రమేష్ అనే గుమాస్తా ఉన్నాడు. కుర్రవాడైనా పద్ధతి తెలిసినవాడు. అర్జీని రెండుసార్లు చదివి, కంప్యూటరులో ఏదో తెరిచి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏ తాళం పెద్దాయనా? ఆదా, రూపకమా?"

చిన్నసుబ్బయ్యకు అర్థం కాలేదు. తనకు తెలిసిన తాళం ఒక్కటేనని, గేటుకు వేలాడుతున్నదని, ఇనుపదని చెప్పాడు. పేరు కావాలన్నాడు రమేష్. పేరు లేకుండా కంప్యూటరు కదలదు.

"కప్పతాళం సార్."

రమేష్ చాలాసేపు వెతికాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. ఝంప ఉంది, త్రిపుట ఉంది, చాపుల్లో రెండు రకాలున్నాయి. కప్ప మాత్రం ఎక్కడా లేదు. తన శాయశక్తులా ప్రయత్నించిన మనిషికుండే ప్రశాంతతతో కిటికీ వైపు తిరిగాడు.

"అది లిస్టులో లేదు."

లిస్టులో లేనిదాన్ని తీయడానికి శాఖకు అధికారం లేదు. అలాగని అర్జీదారును ఉత్త చేతులతో పంపడం కూడా వాళ్ల సంప్రదాయం కాదు కనుక, ఆయన్ను లోపల రసాస్వాదన అధికారి మల్లిక దగ్గరికి పంపారు. మల్లిక మంచి మనిషి. ఎవరినీ కసరదు, కుర్చీ చూపించి మాట్లాడుతుంది. సంగీతమంటే ఆమెకు ఎంతో గౌరవం. వినే తీరిక మాత్రం లేదు. విన్నవాళ్ల లెక్కలు సరిచూడటంతోనే పొద్దుపోతుంది.

అర్జీ చదివి ఆమె కాసేపు ఆలోచించింది. తాళం వేయడం రానివాడు తీయమని అడగడం శాస్త్ర విరుద్ధమని మెత్తగా వివరించింది. ముందు ఆయన ఇక్కడే హాల్లో కూర్చుని సంగీతం వినాలి, ఆనందించడం నేర్చుకోవాలి, పులివెందులలో పరీక్షకు హాజరు కావాలి, ధ్రువపత్రం పొందాలి. అప్పుడు తాళం గురించి మాట్లాడటానికి అర్హుడవుతాడు. గొర్రెలు ఈనేస్తాయి మేడం అని చిన్నసుబ్బయ్య మొత్తుకున్నాడు. ఆందోళనకు కూడా సంగీతం మంచిదని ఆమె చెప్పింది.

మర్నాటి నుంచి ఆయన రోజూ మొదటి బస్సుకు ప్రొద్దుటూరు పోయి ఆ హాల్లో కూర్చున్నాడు. పైన స్పీకర్లో ఎవరో ఒకాయన పాడేవాడు. తొలిరోజు చిన్నసుబ్బయ్యకు ఆ పాడేవాడి మీద జాలి కలిగింది. ఒకే ముక్క పట్టుకుని అంతలా వేడుకుంటున్నాడంటే ఆయన అర్జీ కూడా ఎక్కడో ఆగిపోయి ఉండాలనుకున్నాడు. రెండోరోజు నిద్ర పట్టింది. (శాఖ లెక్కల్లో నిద్ర ఆనందం కిందికే వస్తుంది. లేకపోతే లెక్కలు ఏనాడూ తేలవు.) ఆ తర్వాత, వేరే పని లేక, గోడ మీది బొమ్మ చూసి చేయి ఆడించడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, చేయి తిప్పు, ఇంకో దెబ్బ, మళ్లీ తిప్పు. అది ఆది తాళమని బొమ్మ కింద రాసుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం జరగకూడనిది జరిగింది. పాడేవాడు ఎక్కడెక్కడో తిరిగి, ఇక దారి తప్పాడనుకున్నంతలో, సరిగ్గా చిన్నసుబ్బయ్య చేయి తొడ మీద పడే చోటికి వచ్చి వాలాడు. పొద్దుగూకేవేళ మంద తనంతట తాను దొడ్డిలోకి వచ్చినట్టు వచ్చాడు. చిన్నసుబ్బయ్యకు ఒళ్లు జలదరించింది. చాలా బాగుందనిపించింది. వెంటనే సిగ్గేసింది. సూడి గొర్రెలు రేకుల కింద మగ్గుతుంటే తాను ఇక్కడ కూర్చుని సంతోషపడటం ఏమిటని తనను తాను తిట్టుకున్నాడు. కానీ చేయి ఆగలేదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ ఊచ మీద కూడా అదే వేసుకుంటూ వచ్చాడు. ఇంట్లో కంచం మీద వేయబోతే గంగులమ్మ కంచం లాగేసుకుంది.

ఇది ఇలా జరుగుతుండగా పులివెందుల పరీక్షకు పరిశీలకులు కావలసివచ్చారు. లయ తప్పిందీ తప్పనిదీ పసిగట్టగల చెవి ఉన్నవాళ్లు కావాలని మల్లిక ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని గంభీరమైన తెలుగులో పెట్టి, 'ప్రతి కేంద్రం నుండి తాళం చెవి కలిగిన ఒకరిని తక్షణం పంపవలెను' అని ఉత్తర్వు వేసింది. జమ్మలమడుగు కేంద్రంలో ఎవరి దగ్గరుందని అడిగితే, అలీ అహ్మద్ నిజాయితీగా చేయి ఎత్తి నా దగ్గరే ఉందన్నాడు. మరుసటి బస్సులో ఆయన్ను లయ నిపుణుడిగా పులివెందులకు పంపించారు. షెడ్డు తాళం చెవి ఆయన చొక్కా జేబులోనే ఉండిపోయింది.

అలా పరీక్ష రోజున చిన్నసుబ్బయ్య చాప మీద కూర్చుని తల ఎత్తేసరికి, ఎదురుగా బల్ల వెనక, మెడలో బిళ్ల వేసుకుని అలీ అహ్మద్ కనిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టు కూర్చున్నారు. నియమాలు చదివి వినిపించారు. తల అవసరమైన చోట మాత్రమే ఊపాలి. 'ఆహా' అనవచ్చు, 'భలే' అనకూడదు. ఆనందం మొహంలో కనపడాలి గానీ పళ్లు కనపడకూడదు. మొహాన్ని ఒక ఫోను చూస్తూ ఉంటుంది. అందులో యాప్ ఉంది. ఆ యాప్ చిన్నసుబ్బయ్య మీసాలను కాసేపు పరికించి, 'ముఖము లభించలేదు, దయచేసి ఆనందాన్ని మళ్లీ ప్రయత్నించండి' అంది.

అంతలో పాట మొదలైంది. అది కల్యాణి. షెడ్డు పక్కన పొద్దునా సాయంత్రం మోగేది అదే. అది వినగానే చిన్నసుబ్బయ్యకు తన గొర్రెలన్నీ కళ్ల ముందుకొచ్చాయి. చెవి తెగింది, బొల్లిది, నడక నేర్చిననాటి నుంచి తన పంచె కొస నమిలేది, అన్నీ వచ్చాయి. కళ్లు మూసుకున్నాడు. చేయి దానంతటది దెబ్బ తప్పకుండా పడుతూనే ఉంది. బుగ్గల మీదికి నీళ్లు కారాయి. పాట ఎంత బాగుందో, గుండె అంత బరువుగా ఉంది. పరీక్షకులు గబగబా రాసుకున్నారు. ఏడుపుకూ ఆనందానికీ శాఖవారి కాగితంలో ఒకటే గడి ఉంది.

ధ్రువపత్రం మీద సంతకం పెట్టాల్సింది అలీ అహ్మద్. 'పై వ్యక్తికి తాళం చెవి కలదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని అచ్చువేసి ఉంది. పెన్ను పట్టుకుని ఆయన చాలాసేపు ఆ వాక్యం వైపే చూశాడు. తర్వాత చిన్నసుబ్బయ్యను వరండాలోకి పిలిచాడు.

"నీ దగ్గర తాళంచెవి ఉండాదని నేను సంతకం పెట్టాల మామా," అన్నాడు. "లేకుండానే ఉండాదని ఎట్ల పెట్టేది? అబద్ధమైపోతాది."

జేబులోంచి చెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. తర్వాతే సంతకం చేశాడు.

ముద్దనూరు మీదుగా బస్సు జమ్మలమడుగు చేరేసరికి మధ్యాహ్నం వాలింది. ఆరోజు సంగీతవనంలో రసాస్వాదన మహోత్సవం. ప్రొద్దుటూరు కార్యాలయమంతా అక్కడికే తరలివచ్చింది. హాలు ముందు కార్లు, గేటుకు అరటి పిలకలు, శాలువాల మూటలు. గంగులమ్మ మాత్రం ఇవేవీ చూడకుండా షెడ్డు గేటు పట్టుకుని నిలబడి ఉంది. బొల్లి గొర్రె పొద్దుటి నుంచి లేస్తూ పడుకుంటూ ఉందని, ఇంకో గంట కూడా ఆగదని చెప్పింది. చిన్నసుబ్బయ్య ఒక్క అంగలో గేటు దగ్గరికి పోయాడు. చెవి పెట్టి తిప్పాడు. కప్పతాళం ఊడి చేతిలోకి వచ్చింది. మంద ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి దూకింది. బొల్లిదాన్ని గంగులమ్మ చంకల కింద చేతులేసి, కంచె అవతలికి, రోడ్డు వారకు, అంటే శాఖ సంగీతం చట్టరీత్యా వినపడని చోటికి నడిపించుకుపోయింది.

హాలు మెట్ల మీద మల్లిక చిన్నసుబ్బయ్యను చూసింది. ఆయన కాగితం చూపించాడు. జమ్మలమడుగు కేంద్రం పుట్టిన తర్వాత అందిన మొదటి ధ్రువపత్రం అది. ఆమె మనసు నిండిపోయింది. ఆయన దాపరికం లేకుండా, షెడ్డు తాళం తీసినా మేడం అని కూడా చెప్పాడు.

"తీశారా, చాలా సంతోషం," అందామె. "ఇప్పుడు వేయండి. మీలాంటివారి కోసమే చూస్తున్నాను."

ఆమె బాధ ఆమెది. ప్రతి ఏడాదీ ఈ పండగకు వచ్చే పెద్దమనుషులు శాలువా భుజాన పడగానే ఒక్కొక్కరే జారుకుంటారు. పాడేవాడు మంగళం పాడే వేళకు హాల్లో కుర్చీలే మిగులుతాయి. అందుకే ఈసారి మొదటినుంచి చివరిదాకా తాళం తప్పనిసరి అని ఉత్తర్వు వేసింది. లోపల కుర్చీలన్నీ పిలిచినవాళ్లకే సరిపోయాయి కనుక, చిన్నసుబ్బయ్యను తలుపు దగ్గరే ఉండి తాళం వేయమంది. ఎవరేమన్నా మంగళం అయ్యేదాకా ఆపకూడదని గట్టిగా చెప్పి లోపలికి పోయింది.

చిన్నసుబ్బయ్య తన చేతిలోని కప్పతాళం వైపు చూశాడు. తలుపు గొళ్లెం వైపు చూశాడు. అధికారి మాటలో ఆయనకు ఏ సందేహమూ కనపడలేదు. తలుపులు దగ్గరికి లాగి, వేసి, రెండుసార్లు లాగి చూసి, మెట్ల మీద కూర్చున్నాడు.

పాట బాగా సాగింది. ఆయన బయట కూర్చునే తొడ మీద దెబ్బ వేసుకుంటూ, మధ్యమధ్య ఆహా అనుకుంటూ, ఇంత హాయి ఇన్నేళ్లూ ఎవరూ తనకు చెప్పలేదే అనుకున్నాడు. రోడ్డు వార నుంచి గంగులమ్మ కేకేసింది. బొల్లిది ఈనిందట, ఆడపిల్లట, కంచెకు బయటేనట. ఆయనకు లేచి గంతేయాలనిపించింది. కానీ పాట మధ్యలో లేవడం నియమాలకు విరుద్ధం.

శాలువాలు అయిపోయినట్టున్నాయి. లోపలినుంచి తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. చిన్నసుబ్బయ్య చెవి ఒగ్గి విన్నాడు. చాలామందే కొడుతున్నారు గానీ ఒకరి దెబ్బకూ ఇంకొకరి దెబ్బకూ పొంతన లేదు. తర్వాత మల్లిక గొంతు వినపడింది. తాళం తీయండి, వెంటనే తాళం తీయండి అంటోంది.

"ఏ తాళం మేడం?" అన్నాడు చిన్నసుబ్బయ్య, ఎంతో వినయంగా. "ఆదా, రూపకమా?"

లోపల దెబ్బలు ఆగాయి. తర్వాత తలుపు సందులోంచి రమేష్ గొంతు సన్నగా వచ్చింది.

"కప్పతాళం పెద్దాయనా."

చిన్నసుబ్బయ్య నిజంగానే ఆలోచించాడు. ప్రొద్దుటూరు హాలు గోడ మీది బొమ్మలన్నీ ఒకటొకటిగా, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి గుర్తు చేసుకున్నాడు.

"అది లిస్టులో లేదు సార్."