పదిన్నర లోపల జట్‌పురా గేటు

మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరి ఘుగ్గుస్ బొగ్గు గనుల కాలనీలో అతన్ని షార్ట్‌కట్ రాజలింగు అంటారు. ఎక్కడికి బయలుదేరినా అడ్డదారి వెతుకుతాడు, ఆ అడ్డదారిలో అరగంట ఎక్కువ తిరుగుతాడు. బొగ్గు లారీలను తూచే కాంటా దగ్గర అతని ఉద్యోగం. రోజూ వేల టన్నుల బరువు చూసే మనిషే, ఇంట్లో మాత్రం నీళ్ళ బిందె ఒక్కనాడూ ఎత్తలేదు.

అలాంటి మనిషికి పెద్ద కష్టం వచ్చి పడింది. భార్య హేమలత అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పరీక్షకు ఫారం నింపింది. ఖాళీలన్నీ దూరాన గోండ్‌పిప్రి వైపే ఉన్నాయట. ఉద్యోగం వస్తే పొద్దున ఆరింటి బస్సుకే ఆమె వెళ్ళిపోవాలి. అంటే ఏడేళ్ళ అక్షయ్‌నీ, నాలుగేళ్ళ స్వరానూ లేపడం, స్నానాలు చేయించడం, తినిపించడం, డబ్బాలు కట్టి బడికి పంపడం, అన్నీ రాజలింగు నెత్తినే.

"ఇద్దరు పోరగాండ్లను గంట సేపు పట్టుడు గూడ నాతోని కాదు," అని నెల రోజులుగా అతను చెప్తున్నాడు.

"కన్నప్పుడు గా ముచ్చట యాదికి రాలేదా?" అని నెల రోజులుగా ఆమె జవాబిస్తోంది.

పరీక్ష రాయొద్దని మొహం మీద చెప్పే ధైర్యం అతనికి లేదు. అందుకని పథకం వేశాడు. పరీక్ష చంద్రపూర్‌లో, పాత కోట దర్వాజా అయిన జట్‌పురా గేటు పక్కన ఉన్న బడిలో. ఆమె లోపల రాస్తున్నంతసేపూ పిల్లలను పాత ఊరంతా కాలినడకన తిప్పాలి. కాళ్ళు నొప్పి పుట్టి, ఎండకు కమిలి, అమ్మా అమ్మా అని ఏడుస్తుండగా తెచ్చి ఒంటిగంటకు ఆమె ముందు నిలబెట్టాలి. తల్లి గుండె కరిగి ఈ నౌకరీ వద్దని తనే అంటుంది. రాజలింగు మీదికి మాట రాదు.

సాకు కొడుకే అందించాడు. వీధుల్లో రోడ్లకు బదులు కాలువలు పారే ఏదో పాతకాలపు ఊరిని ఫోనులో చూసి, వాడు వారం రోజులుగా పడవలు పడవలు అని కలవరిస్తున్నాడు.

"గా ఊరికి పోవుడెందుకురా? మన చంద్రపూర్ ఏం తక్కువ? గోండు రాజులు కట్టిన కోట. నాలుగు పెద్ద దర్వాజాలు, ఖిడ్కీలని ఐదు చిన్న దర్వాజాలు. పక్కన రెండు నదులు, నడుమ చెరువు. అన్నీ చూపిస్త నడువు," అన్నాడు రాజలింగు.

ఆదివారం తొమ్మిదింటికి బడి ముందు పెద్ద లైను. పదిన్నరకు గేటు మూసేస్తారు. హేమలత లైనులో నిలబడి ఒక సంచి అతని చేతికిచ్చింది.

"గా చెట్టు నీడకు కూసోండ్రి. ఎటూ తిరగకుండ్రి. నా ఫోను లోపలికి రానియ్యరట, గీ సంచిలనే పెట్టిన. బిస్కెట్లు గూడ దీంట్లనే ఉన్నయి."

"నువ్వు ఫికర్ జెయ్యకు. మంచిగ రాయి," అన్నాడు. నోరు ఒకటంటుంటే కడుపులో ఇంకొకటుంది.

"అసలు ఆధార్ లేకుంటే లోపలికి తోలరట," అని ముందున్నామెతో ఆమె చెప్తుండగా అతను పిల్లలను తీసుకుని బయటపడ్డాడు.

కోట గోడ పక్కన మురికి కాలువ కనిపించింది. అక్షయ్ వంగి చూశాడు.

"పప్పా, కాలువ గిదేనా? పడవలేవి?"

"ఆదివారం గదరా, పడవలకు సుట్టీ."

గాంధీ చౌక్ దాటేసరికి పిల్లలు అలసిపోతారని అతని లెక్క. అక్కడ రాజలింగు చొక్కా తడిసిపోయింది. పిల్లలు మాత్రం గెంతుతున్నారు. స్వరా కనిపించిన ప్రతి అరుగూ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. అక్షయ్ దుకాణాల మీది మరాఠీ బోర్డులన్నీ గట్టిగా చదువుతూ నడిచాడు. ఊరికి ఆ కొసనున్న పఠాన్‌పురా గేటు చేరేసరికి పదికి ఐదు నిమిషాలు తక్కువ. రాజలింగు రాతి గద్దె మీద కూలబడ్డాడు.

"పప్పా, ఇంకో దర్వాజా చలా!" అన్నారు ఇద్దరూ.

"జర ఆగుండ్రి. మీ అవ్వ గీ నౌకరీ చెయ్యకముందే నా పానం పోయేటట్టున్నది."

స్వరా బిస్కెట్ అడిగింది. సంచిలో చెయ్యి పెట్టాడు. బిస్కెట్ పుడాతో పాటు గట్టి కార్డు ఒకటి చేతికొచ్చింది. ఆధార్. దాని మీద హేమలత ఫోటో.

కార్డు ఇక్కడ, ఆమె అక్కడ, ఫోనేమో సంచిలో. గేటు మూయడానికి ముప్పై అయిదు నిమిషాలే ఉన్నాయి.

ఆ వెనకే ఇంకో ఆలోచన మెల్లగా వచ్చింది. కార్డు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే గోండ్‌పిప్రి బస్సు లేదు. తను చేయాల్సిందేమీ లేదు, ఈ గద్దె మీద ఇలాగే కూర్చుంటే చాలు. తెలిసేవాళ్ళెవరు? పెట్టుకోవడం మరిచింది ఆమేనాయె.

అతను కూర్చునే ఉన్నాడు. కానీ కళ్ళ ముందు వంటగది కనిపించింది. ఏడు నెలలుగా పొయ్యి పక్కన పుస్తకం. పిండి చేతులతో పేజీ ముట్టకుండా ఆమె మోచేత్తో తిప్పుకునేది. ఒకరోజు ఆ పుస్తకం మీద పప్పు ఒలికితే, ఆరబెట్టుకుంటూ ఏడ్చింది. తను అప్పుడు టీవీ చూస్తున్నాడు. ఇప్పుడు ఆ గేటు ముందు కార్డు కోసం వెతుక్కుంటూ ఉంటుంది. రాజలింగుకు తన మీద తనకే సిగ్గేసింది.

"లెవ్వుండ్రి! ఉరకాలె!" అని అరిచాడు.

ఆటో దొరికింది. మూడు నిమిషాలు నడిచి ఆగిపోయింది. ముందు పెళ్ళి బరాత్. ఢోళ్ళు, బాజాలు, రోడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరదాకా చిందులు. ఆటోవాడు హాయిగా ఇంజను ఆపేశాడు. రాజలింగు దిగి డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి స్వరా లేదు.

"అక్షయ్! చెల్లె ఏదిరా?"

"నాకేం ఎరుక? నీ చెయ్యే పట్టుకున్నది."

రాజలింగుకు ఇప్పుడు కార్డూ గుర్తులేదు, గంటా గుర్తులేదు. జనంలో పడి, కనిపించిన ప్రతి చిన్నపిల్ల మొహం తిప్పి చూశాడు. ఒకామె చెయ్యెత్తి కొట్టబోయింది కూడా. "స్వరా! బిడ్డా!" అని అరిస్తే ఢోళ్ళ మోతలో అతని గొంతు అతనికే వినిపించలేదు.

"పప్పా, అగో!" అన్నాడు అక్షయ్.

సౌండు బండి మీద, స్పీకరు పక్కన నిలబడి స్వరా డాన్సు చేస్తోంది. కింద పెళ్ళివాళ్ళంతా చప్పట్లు. దించబోతే గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తున్నదాన్ని అలాగే భుజాన వేసుకున్నాడు. టైము చూస్తే పది పదిహేను.

"ఇటు గల్లీల నుంచి పోదాం, నాకు షార్ట్‌కట్ ఎరుకే," అని దూరాడు. నాలుగు మలుపులు తిరిగారు. అయిదో మలుపులో కోట గోడ అడ్డం వచ్చింది. దాని కింద ఒక గేదె నెమరేస్తూ అతన్నే చూస్తోంది.

"పప్పా, షార్ట్‌కట్ నకో," అన్నాడు అక్షయ్ రొప్పుతూ. "సీదా రోడ్డు మీద పోదాం. అవ్వ ఏడుస్తది."

రాజలింగు జన్మలో మొదటిసారి సీదా రోడ్డు పట్టాడు. భుజాన స్వరా, చేతిలో అక్షయ్, పళ్ళ మధ్య ఆధార్ కార్డు. ఎడమకాలి చెప్పు తెగింది. కుడిదాన్ని తనే వదిలేశాడు. చివర్లో అక్షయ్ ఇక నడవలేనంటే వాణ్ణి చంకకెత్తాడు. జట్‌పురా గేటు కనిపించింది. పది ముప్పై మూడు.

బడి గేటు మూసి ఉంది. కార్డు ఊపుతూ, వచ్చిన మరాఠీ, రాని హిందీ అంతా కలిపి వేడుకున్నాడు. లోపలున్న లేడీ కానిస్టేబుల్ చేయి అడ్డంగా ఊపింది. "వేళ్ ఝాలీ. గేట్ బంద్."

వేళ దాటి వచ్చిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు బయట ఏడుస్తున్నారు. వాళ్ళలో హేమలత లేదు. చెట్టు కింద లేదు, బస్టాపులో లేదు. లోపల ఉండడానికి వీల్లేదు, కార్డు అతని చేతిలోనే ఉంది. కోపంతో ఒక్కతే ఇంటికెళ్ళిందా? ఎటైనా పోయిందా? ఫోను చేద్దామంటే అది సంచిలో. పిల్లలు గోలీలాడుకుంటుంటే రాజలింగు చెట్టు కింద కూర్చుని, కార్డును పదేపదే చొక్కాకు తుడిచాడు. పది నిమిషాలు ముందు లేచి ఉంటే అందేది. ఆ పది నిమిషాలూ గద్దె మీద కూర్చుని తను ఏం ఆలోచించాడో తనకొక్కడికే తెలుసు.

ఒంటిగంటకు గేటు తెరిచారు. గుంపులోంచి హేమలత చీర కొంగు సర్దుకుంటూ బయటకొచ్చింది. రాజలింగు వట్టి కాళ్ళతో ఎదురు పరుగెత్తాడు.

"హేమా! నీ కార్డు! నేను ఉరికిన, గని..."

ఆమె అతని కాళ్ళ వైపు చూసింది, దుమ్ముకొట్టుకున్న మొహం వైపు చూసింది.

"అది పాతదయ్యా. పెండ్లికి ముందుది, తల్లిగారింటి కొర్పనా అడ్రసుది. కొత్తది నా కాడనే ఉండె."

"మరి సంచిల ఎందుకు పెట్టినవ్?"

"నెల రోజుల సంది నీ మొఖం చూస్తలేనా? నాకు పరీక్షంటే భయం లేదు. నువ్వు నన్ను పోనిస్తవా లేదా అన్నదే భయం. కార్డు చూసి గూడ కూసుంటవా, ఉరుకుతవా? గది తెల్వకుండ నౌకరీ దొరికి ఏం లాభం?"

రాజలింగు కాసేపు కూర్చున్నానని చెప్పబోయి మానుకున్నాడు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. అతనికీ అలాగే ఉన్నాయి, ఎండ అని చెప్పుకోవచ్చు.

"అవ్వా, పప్పా మమ్మల్ని ఎత్తుకొని ఉరికిండు! మస్త్ మజా వచ్చింది!" అంది స్వరా. "పఠాన్‌పురా దర్వాజా కాడ నుంచి!" అన్నాడు అక్షయ్. ఏడుస్తూ రావలసిన పిల్లలిద్దరూ నవ్వుతూ ఆమె కొంగు పట్టుకున్నారు.

"అయితే మంచిదేనాయె," అంది హేమలత, కళ్ళు తుడుచుకుని. "పఠాన్‌పురా కాడ నుంచి ఇద్దరు పోరగాండ్లను మోసుకొని అర్ధగంటల ఉరికొచ్చినోనికి, బడికి తయారు చేసుడు ఒక పనా?"

నెల రోజులుగా వాదించినదంతా తన కాళ్ళే అబద్ధం చేశాయని రాజలింగుకు అర్థమైంది. బస్టాపు దాకా నడిచి, మెల్లగా అడిగాడు.

"డబ్బా కట్టాల్నంటే ఎన్నింటికి లెవ్వాలె?"

"అయిదింటికి."

"రిజల్టు వచ్చినంక గదా?"

"రేపటి సంది," అంది హేమలత. "అలవాటు గావాలె గద."