అల్లుడుగారి శుభ్రత

పొద్దున్నే ప్రెస్సు తెరిచి, పదకొండింటికల్లా బడివాళ్ళకు నూటయాభై బహుమతి పత్రాలు అచ్చువేసి ఇచ్చేయాలన్నది అత్తగారి ప్లాను. ప్రెస్సు ఇంటి ముందుగదిలోనే. ఆలస్యమైతే బడి పని ఇక పక్కవీధి ప్రెస్సుకే పోతుంది. బావమరిది కంప్యూటర్లో డిజైన్ ప్రోగ్రాం నొక్కాడు. అది తెరుచుకోలేదు సరికదా, ఏదో తప్పుందంటూ తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చింది.

"జరుగు," అంటూ అల్లుడు కుర్చీ లాక్కున్నాడు. సెలవుకు వచ్చి మూడు రోజులైనా తన తెలివి చూపించే అవకాశం ఇంతవరకూ రాలేదు పాపం. పెట్టెలో అక్షరాలు చదవకుండానే టక్కున మూసేశాడు. "వైరస్!"

గంటసేపు వెతికినా ఒక్క వైరసూ దొరకలేదు. "అయితే నీ ఆటల వల్లే," అని బావమరిది ఆటలన్నీ పీకేశాడు. తర్వాత ప్రోగ్రామునే తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే పెట్టె. మళ్ళీ టక్కున మూసేశాడు.

"ఏమండీ, అందులో ఏముందో ఓసారి చదవచ్చుగా?" అంది భార్య.

"అవన్నీ నీకర్థం కావులే."

పదిన్నరకు బడి టీచరమ్మ వచ్చి, గుమ్మంలో నిలబడి గడియారం చూసుకోసాగింది. అత్తగారి ముఖం పాలిపోయింది. ఇక గత్యంతరం లేక అల్లుడు ఆ పెట్టెలోది చదివాడు. ఫాంట్ల ఫోల్డరు కనిపించడం లేదట!

"చూశారా, ఎవరో తీసేశారు. ఎవరో నేను వేరే చెప్పాలా?"

"ఒట్టు బావా, నేను ముట్టుకోలేదు." బావమరిదికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రీసైకిల్ బిన్ అబద్ధమాడదు. తీసేసిన రోజు, గంట, నిమిషంతో సహా చూపిస్తా. అందరూ రండి!"

అందరూ వచ్చారు, టీచరమ్మతో సహా. ఫోల్డరు అందులోనే ఉంది. పక్కనే తీసేసిన సమయం: నిన్న మధ్యాహ్నం మూడూ పది.

"మూడింటికి వీడు నాతో పళ్ళ డాక్టరు దగ్గరున్నాడే!" అన్నారు అత్తగారు.

భార్య గొంతు తగ్గించి అంది. "సిస్టం నత్తనడక నడుస్తోంది, పనికిరానివన్నీ శుభ్రం చేశానని నిన్న చెప్పింది మీరే కదండీ?"

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఒక్క నొక్కుతో ఫోల్డరు తిరిగొచ్చింది, ప్రోగ్రాం తెరుచుకుంది, అచ్చు మొదలైంది. పీకేసిన ఆటలు మాత్రం రాలేదు. "అలసిపోయారు బాబూ, అలా కూర్చోండి," అన్నారు అత్తగారు, అంతే. నాలుగు చీవాట్లు పెట్టినా ఇంత సిగ్గనిపించేది కాదు. అల్లుడు వెళ్ళి బావమరిది పక్కన నిలబడి పత్రాలు పేర్చాడు.

పదకొండూ అయిదుకు టీచరమ్మ కట్ట అందుకుంది. "వచ్చేసారి కూడా పని మీకేనండీ. కాకపోతే అల్లుడుగారు ఎప్పుడొస్తారో కాస్త ముందే చెప్పండి."

ఆ సాయంత్రమే ప్రెస్సు క్యాలెండరులో అల్లుడి సెలవు రోజులన్నిటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు పడ్డాయి.