తిత్తిదొర స్వాగతం

ఒక పెద్ద అడవిలో అని మొదలెడదామంటే అక్కడ చెట్టన్నదే లేదు. నడిసముద్రంలో నాలుగు రాతిదీవులు. మనిషి జాడ లేకపోయినా సభలకీ సన్మానాలకీ లోటు లేదు.

రేవుపిట్ట నూకాలు అక్కడే వట్టి బండమీద ఒకే ఒక్క గుడ్డు పెట్టుకుని కూర్చుంది. గూడు లేదు, పుల్ల లేదు. గుడ్డు ఎండకి ఉడికిపోకుండా తన ఒళ్ళే పందిరి. పోయినేడు గుడ్డు దక్కలేదు, అందుకే ఈసారి ప్రాణమంతా దీనిమీదే.

ఆ దీవుల పిట్టలకి పెద్ద, తిత్తిదొర అనే పొడుగురెక్కల పక్షి. గొంతు కింది ఎర్రతిత్తి బూరలా ఊదుకుని ఆకాశంలో తిరుగుతాడు. ఒక్క చేపా సొంతంగా పట్టడు. తల్లులు పిల్లలకి తెచ్చే చేపని దారిలోనే తన్నుకుపోయి, అది పన్ను అంటాడు.

ఆయన కార్యదర్శి సముద్రపు కాకి బంగారయ్య. ఒకనాడు బండెక్కి చాటాడు.

"ఇకమీదట దొరగారు పైన వెళ్తుంటే అందరూ లేచి నిలబడాలి. ఆయన కనుమరుగయ్యేదాకా చూపు దించరాదు!"

"మరి గుడ్లో బాబూ?" అంది నూకాలు.

"ఎక్కడికి పోతాయమ్మా? కింద ఏర్పాట్లు నేను చూస్తుంటాగా!"

దొర వచ్చాడు. వేల పిట్టలు లేచి మెడలు చాచాయి. నూకాలు లేవలేదు.

"లెగవే! మా పరువు తీసేత్తన్నావు," అని పక్కనున్న పైడమ్మ కసిరింది.

"గుడ్డు కాలిపోద్ది వదినా."

"మావి గుడ్లు కావేటి?"

దొర వెళ్ళాక పైడమ్మ తల దించితే కింద బండ ఖాళీ. బంగారయ్య మూతి తుడుచుకుంటూ పక్క వరసలో ఏర్పాట్లు చూస్తున్నాడు.

పైడమ్మ గొల్లుమంది. నూకాలు కళ్ళారా చూసింది చెప్పబోయేలోగా బంగారయ్యే అందుకున్నాడు. "మర్యాద తెలియని దీని వల్లే ఈ అరిష్టం!"

అందరూ నమ్మారు. మర్నాడు ఇంకా నిటారుగా నిలబడ్డారు.

నెల తిరక్కుండా, నూకాలు గుడ్డు తప్ప, దీవుల్లో గుడ్లన్నీ అయిపోయాయి. గుడ్డు లేనిచోట పిట్టకేం పని? మిగతావాళ్ళంతా ఎగిరిపోయారు. పిల్లలు లేరు గనక చేపలూ రాలేదు, దొర తిత్తి ముడతలు పడింది. ఆకలికి ఆగలేక బంగారయ్యనే తరిమి తరిమి, తిన్నదంతా కక్కించుకు తిన్నాడు. బంగారయ్య కూడా దీవి వదిలి పారిపోయాడు.

చివరికి దొర నూకాలు ముందు వాలాడు. "నేనొస్తే లేవవేం?"

"కింద నా పిల్ల ఉంది బాబూ, నిన్ననే గుడ్డులోంచి వచ్చింది. నేను చేపకెళ్ళొస్తా, తవరే కాస్త ఎండకి అడ్డం నిలబడండి."

పిల్ల బతికితేనే చేప వస్తుంది, చేప వస్తేనే పన్ను. దొర రెక్కలు చాచి నిలబడ్డాడు.

నీతి: మర్యాద తెలియనివాళ్ళ గుడ్లే పిల్లలవుతాయి.