కాచి చల్లార్చిన నీళ్ళు

ఎనిమిదింటికి బయల్దేరాలన్నది ఏర్పాటు. కూతురు ఒక్కతే తన పాత కారు నడుపుకుంటూ మూడు గంటల దూరంలో ఉన్న కొండ ఎక్కాలి. అక్కడి ఆసుపత్రిలో మధ్యాహ్నం రెండింటిలోపు సంతకం పెడితే ల్యాబులో ఉద్యోగం ఆమెది; పెట్టకపోతే జాబితాలో తర్వాత పేరున్నవాళ్ళది. ఉత్తరంలో ఆ ముక్క కింద గీత గీసి మరీ ఉంది. తల్లి ఆ గీతని కూడా అనుమానంగానే చూసింది.

వారం రోజులుగా 'వెళ్ళొద్దు' అనడానికి ఎన్ని కారణాలుంటాయో అన్నీ ఏరుకొచ్చింది ఆవిడ. సోమవారం చలి. మంగళవారం మలుపులు. బుధవారం పేపర్లో పడ్డ ఎలుగుబంటి. గురువారం కూతురికి ఒళ్ళు మండింది.

"అమ్మా, ఇంకొక్క భయం బయటికి తీశావంటే ఇవాళే వెళ్ళిపోయి ఆ ఆసుపత్రి మెట్లమీద పడుకుంటా."

అప్పట్నుంచి ఆవిడ భయాలు బయటికి రావడం మానేసి లోపల్లోపలే తిరుగుతున్నాయి. తిరిగి తిరిగి బలిశాయి కూడా.

బయల్దేరే రోజు పొద్దున్న ఆరున్నరకి, పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ గోడమీంచి తల పెట్టింది.

"పిల్ల ఇవాళేనా వదినా వెళ్ళేది? ఇంజన్లో నీళ్ళు చూశారా? మా తమ్ముడి బండి ఇలాగే కొండెక్కుతూ ఎక్కుతూ మరిగిపోయింది. ఒకటే ఆవిరి. మావాడు ఆగలేక మూత తిప్పాడు. మొహమ్మీదికి కొట్టింది!"

"అయ్యయ్యో! కళ్ళు?"

"కళ్ళకేం కాలేదు. కనుబొమలు పోయాయి. ఏడాదిపాటు ఫోటో దిగాలంటే పెన్సిలుతో గీసుకునేవాడు."

తల్లికి ఇక కాలు నిలవలేదు. కూతురు స్నానానికి వెళ్ళిన సందు చూసి వాకిట్లోకొచ్చి, నానా తంటాలూ పడి కారు బానెట్ ఎత్తింది. లోపల ఏది ఏమిటో ఆవిడకు తెలియదు. కానీ ఒక మూలన ప్లాస్టిక్ డబ్బా, అందులో నీళ్ళు కనిపించాయి. ఆవిడ వంగి మరీ చూసింది.

పచ్చగా ఉన్నాయి. చిక్కటి ఆకుపచ్చ.

మేడమీది నీళ్ళ ట్యాంకులో ఆ రంగు వస్తే దాన్నేమంటారో ఆవిడకు తెలుసు. పాచి. ఎన్నాళ్ళనుంచి పట్టిందో! అది తీగలు సాగుతుంది. సాగి పైపుకి అడ్డం పడుతుంది. నీళ్ళు ఆగిపోతాయి. ఏడో మలుపులో ఇంజను మరుగుతుంది. ఆవిరి. ఆవిరి మధ్యలో కూతురు. కూతురికి కనుబొమలు లేవు.

ఆవిడ పరుగున లోపలికెళ్ళి మొక్కలకు మందు చిమ్మే పిచికారీ తెచ్చింది. డబ్బాలో పెట్టి లాగడం, ముందుచక్రం పక్కన చిమ్మడం. అలా ముప్ఫై ఒక్కసార్లు. తర్వాత సీసాలు కడిగే బ్రష్షు మీద గిన్నెలు తోమే సబ్బు మూడు చుక్కలు వేసుకుని, పాచి మొండిదని గుర్తొచ్చి ఇంకో రెండు చుక్కలు వేసుకుని, డబ్బా అంచులన్నీ తోమింది. కడిగింది. నిండా మంచినీళ్ళు పోసింది. మామూలు మంచినీళ్ళు కావు, కాచి చల్లార్చినవి. కూతురికి మూడేళ్ళొచ్చేదాకా ఆ నీళ్ళే తాగించిన మనిషి. దాన్ని మోసుకెళ్ళే కారుకి మాత్రం తక్కువ చేస్తుందా?

బానెట్ మూసి, చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. చెప్తే అదొక భయం బయటికి తీసినట్టవుతుంది.

ఎనిమిదికి పావుగంట ముందు కూతురు పెట్టె మోసుకుంటూ వాకిట్లోకొచ్చి కెవ్వుమంది.

"అమ్మా! కూలెంటు కారిపోయింది!"

ఆ మాట తల్లి వినడం అదే మొదలు. "అంటే ఏమిటే?"

"ఇంజన్ని చల్లగా ఉంచే నీళ్ళమ్మా. ఇవిగో, చక్రం పక్కన పచ్చగా."

"పచ్చగా... ఉండాలా అవి?"

"ఉండాలి. కారితే కనపడాలనే ఆ రంగు కలుపుతారు."

తల్లి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. ఇంతలో కూతురు నేలమీద కూలబడి అంది: "వెళ్ళొద్దు వెళ్ళొద్దన్నావు. అంతా నీ నోటి చలవే."

తెరిచిన నోరు మూతపడింది. వారం రోజులు వద్దన్న మనిషి, సరిగ్గా బయల్దేరే గంటకి ఇంజన్లో నీళ్ళు తోడి పారబోసింది. వింటే ఎవరేమనుకుంటారు? మరొకరి సంగతైతే తనూ అదే అనుకునేది. కావాలని చేసిందనుకుంటుంది పిల్ల. జీవితాంతం అనుకుంటుంది.

మెకానిక్ వచ్చాడు. బండికి ఏ రోగమొచ్చినా "విప్పి చూద్దాం" అంటాడని వీధివాళ్ళు అతనికి ఆ పేరే ఖాయం చేశారు. విప్పిచూద్దాం కారు కింద దూరాడు, పైపులు ఒక్కొక్కటే పిసికాడు, క్లిప్పులు విప్పి బిగించాడు. డబ్బా మూత తీసి, దాని మూతికి గాలి ఒత్తిడి చూపించే ముల్లున్న చేతిపంపు ఒకటి తగిలించి గాలి కొట్టాడు. ముల్లు ఎక్కిన చోటే నిలబడింది.

"లీకు లేదు మేడమ్. ఉంటే ఈ ముల్లు పడిపోవాలి."

"మరి ఆ మడుగు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఇంకో విచిత్రం చూడండి, డబ్బా నిండుగానే ఉంది. నేలమీద పచ్చనీళ్ళు, డబ్బాలో తెల్లనీళ్ళు!"

"పోయిన వారం నా చేత్తో నేనే పచ్చది నింపాను!" అంది కూతురు.

గ్లాసు పట్టుకున్న తల్లి గుమ్మంలోంచి వెనక్కి ఒక అడుగేసింది.

"స్టార్ట్ చెయ్యండి, చూద్దాం."

ఇంజను మొదలైంది. ఐదు నిమిషాలకి డబ్బాలో ఒక బుడగ తేలింది. దాని వెనకాల నాలుగు. ఆ పైన తెల్లటి నురగ గుప్పున పొంగి డబ్బా మూతిలోంచి బయటికి చూసింది. విప్పిచూద్దాం మొహంలో నవ్వు మాయమైంది.

"ఆపండి మేడమ్, ఆపెయ్యండి! హెడ్ గాస్కెట్ పోయింది."

"అంటే?"

"ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఒక రేకుంటుంది. అది చిరిగితే లోపలి గాలి నీళ్ళలో దూరి ఇలా బుడగలొస్తాయి." అతను డబ్బా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "నిమ్మకాయ వాసన! ఇది మరీ లోపలి జబ్బండీ. ఇంజను విప్పి చూద్దాం. ఐదు రోజులు పడుతుంది."

గోడమీంచి పక్కింటావిడ అందుకుంది. "ఎవరో కావాలనే చేశారు వదినా! పిల్లకి ఉద్యోగమొచ్చిందని ఓర్వలేక! పోలీసులకి చెప్పండి, చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలిచి అడుగుతారు. నేనూ వస్తాను సాక్ష్యానికి."

తల్లికి పోలీసు స్టేషను కనిపించింది. బల్లమీద తన పిచికారీ, పక్కన సీసాల బ్రష్షు, దానికింకా ఆరని సబ్బు. అంతకంటే ఘోరమైంది ఎదురుగానే కనిపిస్తోంది. కూతురు ఫోను తీసి ఆసుపత్రి నంబరు వెతుకుతోంది. ఏడింటి బస్సు ఎప్పుడో పోయింది, మళ్ళీ సాయంత్రమే. "రెండింటికి రాలేకపోతున్నానండీ" అని చెప్పుకోవడానికి గొంతు సవరించుకుంటోంది. అటుపక్క విప్పిచూద్దాం పెద్ద పానా తీసి మొదటి బోల్టుకి తగిలించాడు.

"ఆగు నాయనా!" అంది తల్లి. "అది జబ్బు కాదు. సబ్బు."

"ఏం సబ్బమ్మా?"

"గిన్నెలు తోమేది. నిమ్మకాయది. పాచి పట్టిందనుకుని నేనే కడిగాను."

పక్కింటావిడ తల మెల్లగా గోడ వెనక్కి దిగిపోయింది. కూతురు ఫోను కిందికి దించి, అరవకుండా, చిన్నగా అడిగింది.

"నన్ను ఆపడానికా అమ్మా?"

ఆ ప్రశ్నకే పొద్దుట్నుంచీ వణికిపోయింది ఆవిడ. తీరా అది వచ్చేసరికి వణుకు పోయి కోపమొచ్చింది.

"ఆపాలంటే తాళంచెవి బియ్యండబ్బాలో పడేసేదాన్ని! టైర్లో గాలి తీసేదాన్ని! ఆపేదాన్ని అయితే కాచి చల్లార్చిన నీళ్ళెందుకు పోస్తానే?"

"కాచి చల్లార్చారా?" అన్నాడు విప్పిచూద్దాం.

"వడపోశాను కూడా."

కూతురు పెట్టెమీద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని తల్లి దగ్గరికెళ్ళింది. నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"అయితే ఇంజను విప్పొద్దంటారా?" విప్పిచూద్దాం దిగులుగా అడిగాడు. "ఎలాగూ వచ్చాను, ఒక్కసారి పైపైన..."

"వద్దు!" అన్నారు తల్లీకూతుళ్ళు.

ఇంజను చల్లారాక అతను నీళ్ళన్నీ దించేసి, నురగ పోయేదాకా మూడుసార్లు కడిగి, కొత్త పచ్చనీళ్ళు పోశాడు. మడుగుమీద మట్టి చల్లాడు. వెళ్తూ వెళ్తూ, తన సర్వీసులో ఇంత శుభ్రమైన డబ్బా చూడలేదని ఒప్పుకున్నాడు. గడియారం పదిన్నర చూపిస్తోంది.

కూతురు స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పింది. బండి కదల్లేదు. ఆమె కదపలేదు.

"ఏమైందే?"

"అమ్మా... నురగేమైనా మిగిలుంటే?"

"మిగల్లేదు. నేను చూశాను."

"ఆ క్లిప్పులన్నీ విప్పాడుగా. ఒకటి బిగించడం మర్చిపోయుంటే? సగం కొండలో ఊడితే?"

తల్లి ఆ మొహం చూసింది. ఎలుగుబంటిని కూడా లెక్కచేయని పిల్ల, వేళ్ళు తెల్లబడేలా స్టీరింగు పట్టుకుని కూర్చుంది. ఈ భయం ఎవరు అంటించారో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ చెప్పులు కూడా మార్చుకోకుండా, ఇంటికి తాళం వేసి, వచ్చి పక్కసీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"పద."

దారిలో కూతురు పన్నెండు చోట్ల బండి ఆపింది. "అమ్మా, ఇంజను వేడి చూపించే ముల్లు మధ్యకి వచ్చేసింది!"

"మధ్యలోనే ఉండాలన్నాడు కదే ఆ మెకానిక్. పోనియ్యి."

"ఏదో చప్పుడు..."

"అది నా గుండె. నువ్వు పోనియ్యి, ఒంటిగంటయింది!"

ఆవిడకి భయం లేదని కాదు. ప్రతి మలుపులోనూ ఆవిరి కనిపిస్తూనే ఉంది. కానీ రెండింటిలోపు చేరకపోతే పిల్ల ఉద్యోగం తన పిచికారీతో పాటే పోతుందన్న భయం ముందు, మిగతా భయాలన్నీ వెనకసీటుకి జరిగి కూర్చున్నాయి. "కొంచెం తొందరగా" అన్న మాట ఆ నోటివెంట రావడం కూతురు పుట్టాక అదే మొదటిసారి.

రెండింటికి ఎనిమిది నిమిషాలుందనగా సంతకం పడింది.

మూడింటికి కొండ దిగే బస్సు. కూతురు తల్లిని ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోవద్దంది, ముందుసీటు అసలే వద్దంది, డ్రైవరు మొహం ఒకసారి చూసి రమ్మంది, దిగగానే ఫోన్ చెయ్యమంది. బస్సు కదిలాక ఆగలేక తనే చేసింది.

మూడు గంటల ప్రయాణంలో కూతురు పదకొండుసార్లు ఫోన్ చేసింది. తల్లి ఒక్కదానికీ పలకలేదు, కిటికీకి తల ఆనించి గుర్రుపెట్టి నిద్రపోయింది.