తులసి వంతు

భార్యాభర్తలు విడిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు లోకమంతా వెతుకుతున్న న్యాయమైన జవాబు, చివరికి గజపతినగరంలో, ఒక జత తెల్లబూట్ల వల్ల దొరికింది.

ఆ ఆదివారం సాయంత్రం తులసి గజపతినగరంలోని నాన్న ఇంటి నుంచి విజయనగరంలోని అమ్మ ఇంటికి చేరేసరికి సంచిలో తెల్లబూట్లు లేవు. సోమవారం బడికి అవే వేసుకోవాలి. అమ్మ హేమ వెంటనే నాన్న ధనరాజ్‌కి ఫోన్ చేసింది.

"బూట్లేవి?"

"నేనేటి తొడుక్కున్నానా? సంచి సర్దుకున్నాది నీ కూతురే."

"వారమంతా నా కూతురు, నా కూతురు అంటావు. బూట్లు మర్సిపోతే నా కూతురైపోనాదా?"

తొమ్మిదేళ్ల తులసి రెండు కాళ్లూ మంచం మీదకు లాక్కుని కూర్చుంది. (కాళ్లు కనబడితే బూట్ల మాట పెరుగుతుందని ఆమె అనుభవం.)

నిజానికి ఆమె విషయంలో శాస్త్రీయమైన పద్ధతులన్నీ అప్పటికే పాటించారు. బాల నివాస యోగ్యతా పరిశీలనాధికారిణి దుర్గాభవాని ముప్పై ఒక్క గడుల ఫారం పట్టుకుని రెండు ఇళ్లకూ వెళ్లింది. ఫ్యాన్లు లెక్కపెట్టింది. మంచానికీ చదువుకునే బల్లకూ మధ్య దూరం టేపుతో కొలిచింది. ధనరాజ్ అంతకుముందు రోజే బల్ల కొన్నాడు. హేమ మేడ మీది వాళ్ల బల్ల అడిగి తెచ్చింది. (ఆ రోజు మేడ మీది పిల్లలు నేల మీద పడుకుని ఎక్కాలు రాశారు. వాళ్ల యోగ్యతతో ఫారానికి పనిలేదు.)

ముప్పై ఒకటో గడి పేరు 'బిడ్డ అభిప్రాయం'. కింద చిన్న అక్షరాల్లో 'చోటు చాలకపోతే వదిలేయవచ్చు' అని ఉంది. ఆ గడి తులసి బొటనవేలంత ఉంది.

తులసి దగ్గర ఒక అభిప్రాయం ఉంది. ఎవరింట్లోనైనా సరే, తను ఒక్కచోటే ఉంటుంది; రెండోవాళ్లు వచ్చి చూసి వెళ్తుండాలి. మేడమ్ వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ ఆ మాట లోలోపల వల్లె వేసుకుంటూనే ఉంది. "మేడమ్, నేను ఎక్కడైనా సరే..." అని మొదలుపెట్టగానే దుర్గాభవాని గడి వంక చూసి, "అంత పట్టదమ్మా. బాగున్నావా?" అంది. తులసి తలూపింది. 'బాగున్నది' అన్న మాట గడిలో సరిగ్గా సరిపోయింది.

రెండు ఇళ్లకూ ఇరవై ఎనిమిదేసి మార్కులు వచ్చాయి. మార్కులు సమానమైతే పెద్దలే తేల్చుకోవాలని నిబంధన. అలా వ్యవహారం ధనరాజ్ తండ్రి నరసింగరావు చేతికొచ్చింది. ఆయన పద్దెనిమిదేళ్లు కాలవ చివరి ఊళ్లకు నీటి సంఘం అధ్యక్షుడు. ఆయన హయాంలో నీటి వంతుల దగ్గర ఒక్క తల కూడా పగల్లేదు. (ఒకటి పగిలింది. అది వంతు అయిపోయాక పగిలింది.)

ఆయన పాత వంతుల కాగితమే తీసి, 'నీరు' అన్నచోట 'తులసి' అని దిద్దాడు. వారం అమ్మది, వారం నాన్నది. ఆదివారం సాయంత్రం ఐదింటికి వదలాలి. ఆలస్యమైన గంటలు తర్వాతి వంతులో కలపరు. గండి ఎవరి వంతులో పడితే వాళ్లే పూడ్చుకోవాలి. (జ్వరం గండి కిందకు వస్తుంది. జలుబు ఊట కిందకు వస్తుంది. దాన్ని ఇద్దరూ భరించాలి.)

ఈ కాగితంలో లేనివి బూట్లు మాత్రమే. అందుకే మరుసటి ఆదివారం హేమ తులసిని వెంటబెట్టుకుని గజపతినగరం వెళ్లింది. వాదన మొదలయ్యేలోపే అత్తగారు అసిరమ్మ ఆకులు వేసేసింది.

"తిండి కాడ కేసులేటే? కూకో. కోడికూర సల్లారిపోతాది."

"నాకాకలి లేదత్తా."

"కోపంతో కడుపు నిండుతాదేటి? కూకో."

నరసింగరావు బూట్లు తెప్పించి, తిరగేసి, మడమ దగ్గర నొక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మానాన్న విడిపోయిన ఈ రెండేళ్లలో తులసిని కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూసింది లేదు.

"సూడండి, కుట్లు ఊడిపోతన్నాయి. వారానికో ఇల్లు తిప్పితే ఏది నిలుస్తాది? పాపం, వీటికో సోటంటూ ఉండాల."

తులసి తింటున్నదల్లా ఆగి, తాత వైపు చూసింది.

"నా తీర్పు సెప్తన్నాను. ఇకనుంచి బూట్లు విజయనగరంలోనే ఉంటాయి, కదలవు. ధనరాజ్ వంతు సోమవారాల్లో పిల్ల గంట ముందు బస్సెక్కి, అమ్మింటి కాడ దిగి, బూట్లు మార్సుకుని బడికెళ్తాది, సాయంత్రం మళ్లీ అక్కడే విప్పి వస్తాది. అది హేమ వంతు కాదు గనక బూట్లు గుమ్మం బయట పెట్టాల. తలుపు తియ్యకూడదు."

ధనరాజ్ హేమ వైపు చూశాడు. హేమ ధనరాజ్ వైపు చూసింది.

"సరే మావయ్యా," అంది హేమ.

"సరే నాన్నా," అన్నాడు ధనరాజ్. రెండేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు.

"మరి నేనో, తాతా?" అంది తులసి.

"నీకేటమ్మా! బూట్లకి నోరు లేదు, మనమే సూసుకోవాల. నీకు నోరున్నాది కదా, సెప్పుకుంటావు."

తులసి చెప్పడానికి నోరు తెరిచింది. నానమ్మ అందులో ముద్ద పెట్టింది.