ఈరేషు గుండీ గెలిచిన విధము

ఫాల్గుణమాసమున, భాస్కరుడు ఆదోని కొండబండలను అట్లపెనములుగా కాల్చుచుండు ఉదయవేళ, పత్తిలారీల ధూళిచే ధూసరితమైన ఆ పురమందలి ఒకానొక పాఠశాలకు, ఎమ్మిగనూరు నేతవారి కులదీపకుడును, తొమ్మిదవ తరగతి వాగ్యుద్ధ ధురంధరుడును అగు ఈరేషు వక్తృత్వపోటీకై ఏతెంచెను. "గృహవిజ్ఞానము బడిలో దండుగ" అనునది ఆతడు వాదింపవలసిన పక్షము. కుమారుని కంఠీరవగర్జన వినగోరి తండ్రి సుంకప్ప ఆ దినము మగ్గమాపి వచ్చి ముందువరుసలో కూర్చుండెను.

అంతలో, బస్సులోని తొక్కిసలాటలో సగము తెగిన ఈరేషు అంగీ నడిమిగుండీ కాస్తా ఊడి నేలరాలెను. వీరుని బొజ్జ లోకమునకు దర్శనమిచ్చెను. ఎదుటిపక్షమున వాదింపవచ్చిన సహాధ్యాయిని లత, సంచిలోని సూదిదారము తీసి, "ఇట్లియ్యి, నేను కుడతా" అనెను.

"మా జేజినాయన కాలం నుంచి దారంతోనే బతికేటోళ్లం. పోగు నన్ను సూస్తేనే సక్కగ నిలబడతాది. గుండీ ఒక లెక్కనా నాకు?" అని ఈరేషు సూది లాగుకొనెను.

పడుగు వదులైన బట్ట చెడునని ఉగ్గుపాలతో నేర్చినవాడగుటచే, ప్రతి కుట్టును పండ్లు బిగించి లాగెను. గుండీ పశువును పట్టిన గోమారివలె గుడ్డకు కరచుకొనెను. కాజా దానిని మ్రింగదు. ఒంటిచేత నెట్టెను, రెండుచేతుల నెట్టెను, ఊపిరి బిగబట్టి నెట్టెను. అటు మైకులో పేరు పిలువనే పిలిచిరి. నాన్న ముందర ఈ బొజ్జతో నిలువవలెనా యని వీరునికి ఏడుపొక్కటే తక్కువాయెను.

"పడుగు బిగువు మగ్గానికప్పా, గుండీకి మెడ ఉండల్ల," అనెను లత. "కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టు. కడాకు పుల్ల లాగి, మెడకు దారం సుట్టు. గృహవిజ్ఞానం టీచరు ఇది సెప్తాంటే నువ్వు కిటికీలోంచి బైటికి సూస్తాంటివి."

అగ్గిపెట్టె సుంకప్ప జేబున దొరికెను. పాత కుట్లు తెగెను, పుల్ల నిలిచెను, సూది ఉరికెను, పుల్ల తొలగెను, దారము చుట్టుకొనెను. గుండీ వినయముగా కాజాలో ప్రవేశించెను.

వేదికనెక్కిన ఈరేషు, కంఠస్థము చేసిన వాక్యములనన్నిటిని ప్రక్కకు నెట్టెను.

"గృహవిజ్ఞానం దండగని సెప్పనీకి వచ్చినా. ఇప్పుడే గుండీ ఊడింది. కుట్టనీకి రాక సిగ్గుపడినా. ఇంగ నేను సెప్పేదేం లేదు."

బహుమతి లతను వరించెను. తలవంచుకొని వచ్చిన కొడుకు ముందర సుంకప్ప తన కండువా తొలగించి అంగీ చూపెను. నడుమ గుండీ లేదు, పిన్నీసున్నది.

"నాలుగేండ్లాయ రా. నాకూ రాదు. కుట్టు సూద్దాం."

ఎమ్మిగనూరు బస్సు కదలకముందే పిన్నీసు పదచ్యుతమై, లత సంచిలో దొరికిన రెండవ గుండీయు ఈరేషు సూదిచే సింహాసనమధిష్ఠించెను.